కిరాణా కొట్టులో కవర్ల గోల ఇలా తగ్గింది (నా అనుభవం)

మాది కర్నూలులో చిన్న కిరాణా కొట్టు. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉన్నా, "సంచి తేలేదన్నా, కవర్ ఇయ్యి" అనేవాళ్లు తగ్గలేదు. బోర్డు పెట్టాను, కాగితం కవర్లకు డబ్బులడిగాను, గుడ్డ సంచులు ఊరికే ఇచ్చాను, ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఖాళీ బియ్యం సంచి. 26 కిలోలవి వస్తున్నాయి కదా, అవే. ముందు తిరగేసి దులిపి, ఎండలో పెట్టాలి. తవుడు మిగిలితే పురుగు పడుతుంది. సగానికి కోసి, కోసిన అంచును కొవ్వొత్తి మంటకు అలా తగిలించి తీసేయాలి. దారాలు కరిగి అతుక్కుంటాయి, పీచు లేవదు. ఆ తర్వాతే మిషన్ కుట్టు. పట్టుకోడానికి నవారు వేయించాను, ప్లాస్టిక్ తాడైతే చేతిని కోస్తుంది.

అసలు కిటుకు ఖాతా పుస్తకంలో ఉంది. చేతిలో డబ్బు అడగను. పేరు కింద "సంచి 20" అని రాస్తాను, తిరిగి తెచ్చిన రోజు వాళ్ల ముందే కొట్టేస్తాను. ఆ గీత కోసమైనా తెస్తున్నారు!

నెలవారీ ఖాతాలున్న కొట్టుకే ఇది. బస్టాండు దగ్గర, దారినపోయేవాళ్లతో నడుస్తుందని చెప్పలేను. నూనె, బెల్లం అంటిన సంచి మాత్రం వెనక్కి తీసుకోవద్దు, చీమలతో వేగలేం.