మంచు వాలు ఎక్కే ముందు దాని పొరలను ఎలా పరీక్షించాలి?

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలాకు వెళ్లే దారిలో మంచు చరియ విరుచుకుపడి 7 మంది మరణించారు. వారు పర్వతారోహకులు కారు, పర్యాటకులు. అందుకే గుల్‌మార్గ్‌కో మనాలీకో చలికాలంలో బయలుదేరే తెలుగువారందరూ ఈ విషయం తెలుసుకోవాలని నా కోరిక.

ముందుగా, చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ (మంచు చరియలను అంచనా వేసే రక్షణ పరిశోధన సంస్థ) ఇచ్చే హెచ్చరికను చూడాలి. ఏ జిల్లాలో, ఎన్ని మీటర్ల ఎత్తుకు పైన ప్రమాదం ఉందో అందులో చెబుతారు. ప్రమాదం ఎక్కువని ఉంటే ఆ రోజుకు ప్రయాణం మానుకోవాలి.

తరువాత వాలు కోణాన్ని ఫోనులోని కోణమాపకంతో కొలవాలి. పలకలుగా విరిగే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులపైనే కదులుతాయి. మీరు నిలబడిన చోటు చదునుగా ఉన్నా, పైన అలాంటి వాలు ఉంటే అది మీ మీదికే వస్తుంది. కొత్తగా మంచు బాగా కురిసినా, గాలి దానిని ఒక పక్కకు తెచ్చి పోసినా, ఎండ ఒక్కసారిగా పెరిగినా వాలు మరింత ప్రమాదకరమవుతుంది. కాలి కింద ‘వుంఫ్’ మని బరువైన చప్పుడు వచ్చినా, అడుగు చుట్టూ బీటలు పరుగెత్తినా ఇక ఏ పరీక్షా అక్కరలేదు, వెంటనే వెనుదిరగాలి.

అలాంటి సూచనలేవీ లేకపోతే, మీరు ఎక్కబోయే వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కుకు ఉన్న సురక్షితమైన చిన్న వాలుపై పారతో గొయ్యి తవ్వి, గోడను నున్నగా చెక్కి, పైనుంచి కిందికి వేలితో నొక్కుతూ రావాలి. గట్టి పొర కింద వేలు ఒక్కసారిగా దిగబడితే అక్కడే బలహీనత ఉన్నట్లు. ఆ మంచును గుప్పిట్లోకి తీసుకుంటే ఉండ కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. చలికాలం మొదట్లో మంచు పలుచగా ఉన్నప్పుడు, నేల వెచ్చదనానికి పుట్టిన ఆవిరి పైనున్న చలి వైపు ఎగబాకుతూ ఈ పలుకులను పెంచుతుంది. తరువాత కురిసిన మంచంతా వాటి మీదే నిలుస్తుంది.

ఇప్పుడు ఆ గొయ్యి గోడ నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మంచు స్తంభాన్ని వేరుచేసి, దానిపై పార రేకును ఉంచి, మణికట్టు కదలికతో 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు వేయాలి. మొదటి దెబ్బలకే దిమ్మ నున్నగా తెగి ముందుకు జారితే ఆ వాలు జోలికి పోకూడదు. 30 దెబ్బలకూ తెగకపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు, ఎందుకంటే పది అడుగుల అవతల పొరలు వేరుగా ఉండవచ్చు.

దాటక తప్పకపోతే ఒక్కొక్కరుగా దాటాలి. మిగిలినవారు క్షేమమైన చోట నిలిచి కన్నార్పకుండా చూడాలి. అందరి ఒంటిమీదా సంకేతం పంపుతున్న ట్రాన్స్‌సీవరు (కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), సంచిలో మంచులోకి గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి. కూరుకుపోయినవారు బతికే అవకాశం 10, 15 నిమిషాలు దాటగానే వేగంగా పడిపోతుంది కనుక, సాయం కోసం అందరూ కిందికి పరుగెత్తకుండా, మనిషి చివరిసారి కనిపించిన చోటును గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి దిగువకు వెతకాలి.