ఆండ్రాయిడా, ఐఫోనా: షాపుకి పోకముందే తేల్చుకోండి

పాత ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తోంది, కొత్తది కొనక తప్పదు. ఏమీ అనుకోకుండా తిరుపతి గాంధీ రోడ్డులో షాపుకి పోయి నిలబడితే అక్కడి అబ్బాయి మొదట చూపించేది కెమెరా, ఆ తర్వాత ఈఎంఐ. ఆ రెండింటి దగ్గరే మనం పడిపోతాం. కాబట్టి ఏ వైపు పోవాలో ఇంట్లోనే తేల్చుకోండి.

ముందు డబ్బు. బడ్జెట్ 30 వేల లోపా? కొత్త ఫోనే కావాలా? అయితే ఆండ్రాయిడే, ఇక చర్చ లేదు. అంతకు మించి పెట్టగలిగినప్పుడే అసలు ప్రశ్న.

అమెరికాలో ఉన్న పిల్లలు "ఐఫోన్ తీసుకో నాన్నా, ఐమెసేజ్ ఉంటుంది" అంటారు, అంటే ఆపిల్ సొంత మెసేజ్ సదుపాయం. అది వాళ్ళ ఊరి లెక్క. మన ఇళ్ళల్లో పెళ్ళిపత్రిక నుంచి పాలవాడి లెక్క దాకా అన్నీ వాట్సాప్‌లోనే, అది రెండింటిలోనూ ఒకేలా నడుస్తుంది. మీరు చూడాల్సింది పాత చాట్లు ఎలా వస్తాయని. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్‌కి ఎక్కిన బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు. పాత ఫోన్‌లో "మూవ్ టు ఐఓఎస్" యాప్ వేసుకుని, రెండు ఫోన్లనూ చార్జింగ్‌లో పెట్టి, కొత్త ఐఫోన్ మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే వాట్సాప్‌ని కూడా టిక్ చేసి పంపాలి, నంబర్ కూడా అదే ఉండాలి. షాపులో అబ్బాయి సాయం చేస్తున్నానని సెటప్ అంతా ముగించి చేతికిస్తే మళ్ళీ రీసెట్ కొట్టాల్సి వస్తుంది, అందుకే "సీల్ తీసి చూపించు చాలు, మిగతాది నేను చూసుకుంటా" అనండి. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వచ్చేవాళ్ళు రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపి మార్చుకోవాలి, అదీ సెటప్ టైమ్‌లోనే.

రెండు సిమ్‌లు వాడేవాళ్ళకి ఇంకో మెలిక. ఇక్కడ అమ్మే చాలా ఐఫోన్లలో మామూలు సిమ్ ఒక్కటే పడుతుంది, రెండోది ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే నడిచే సిమ్, చేసుకోవాలి. తిరుమల కొండమీద ఒక నెట్‌వర్క్, కింద ఇంకోటి అని రెండు పెట్టుకునేవాళ్ళు మీ కంపెనీ ఈసిమ్ ఇస్తుందో లేదో ముందే అడగండి. మెమరీ కార్డు ఐఫోన్‌లో అసలు లేదు. ఫొటోలు ఆన్‌లైన్‌లో దాచుకునే ఉచిత క్లౌడ్ కూడా ఆపిల్ వాళ్ళ ఐక్లౌడ్‌లో 5 జీబీ, గూగుల్‌లో 15. మనవడి వీడియోలతో ఫోన్ నింపేవాళ్ళు స్టోరేజీ ఎక్కువున్న మోడల్ ఖర్చు కూడా కలుపుకునే లెక్క వేయాలి.

ఎండ సంగతి ఎవరూ చెప్పరు. ఆపిల్ తన ఫోన్‌కి చెప్పే వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద బండికి తగిలించి మ్యాప్ చూసుకుంటూ పోతే స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది. ఆండ్రాయిడ్లూ వేడెక్కుతాయి, కాదనను. కానీ రోజంతా ఎండలో డెలివరీ తిరిగే కుర్రాడికి లక్ష రూపాయల ఫోన్ నేను చెప్పను.

ఐఫోన్ వైపు గట్టి మాటలు రెండు: అప్‌డేట్లు, పాతబడినా ధర నిలబడటం. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కి 2024లో కూడా ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 ఇచ్చారు. అయితే ఇప్పుడు ఇది ఐఫోన్ సొత్తేమీ కాదు, గెలాక్సీ ఎస్24 నుంచి శాంసంగ్, పిక్సెల్ 8 నుంచి గూగుల్ కూడా 7 ఏళ్ళు ఇస్తామన్నాయి. చాలా చవక ఆండ్రాయిడ్లలోనే రెండు మూడేళ్ళకి అప్‌డేట్లు ఆగిపోతాయి, డబ్బా మీద రాయరు కాబట్టి ఆ మోడల్ పేరుతో వెతికి చూసుకోండి. తెలుగులో టైపింగ్ రెండింట్లోనూ సుఖమే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరం ఒక రకంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

ఇంట్లో అందరిదీ ఆండ్రాయిడ్ అయి, ఫోన్ మొరాయించినప్పుడల్లా అమ్మ మిమ్మల్నే పిలుస్తుంటే, ఆమెకి మాత్రం ఐఫోన్ కొనివ్వకండి. బటన్ ఎక్కడుందో మీకే తెలియనప్పుడు ఫోన్‌లో ఏం చెప్తారు?

సెకండ్ హ్యాండ్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్, చూసి, కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన ఆ నంబర్ వేసి 14422కి మెసేజ్ పంపండి, బ్లాకైన ఫోనైతే తెలిసిపోతుంది. ఐఫోన్ అయితే అమ్మేవాడు తన ఐక్లౌడ్ ఖాతా నుంచి మీ కళ్ళముందే బయటికి రావాలి, "సాయంత్రం తీసేస్తా అన్నా" అంటే డబ్బు తీయొద్దు.

ఫోన్ మారిన రోజు యూపీఐ మళ్ళీ రిజిస్టర్ చేయాలి, బ్యాంకు నంబర్ ఉన్న సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, మెసేజ్ పోయేంత బ్యాలెన్స్ కూడా. మొదటి రోజు చాలా బ్యాంకులు పంపే మొత్తానికి పరిమితి పెడతాయి, కాబట్టి నగలు కొనే రోజో ఫీజు కట్టే రోజో మార్చకండి. పాతదాన్ని వారం పాటు అమ్మకుండా ఉంచండి, ఏ ఓటీపీ యాప్ అందులోనే ఉండిపోయిందో అప్పుడే బయటపడుతుంది.