పొరుగువారి కోసం భారం కలగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మన సంఘాల్లో ‘ఆత్మల భారం’, అంటే ఇతరుల రక్షణ కోసం మనసులో కలిగే తపన, అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఉపవాస ప్రార్థనల్లో ఆ భారాన్ని ఇమ్మని కన్నీళ్లతో అడుగుతాం. కూటం ముగిసి ఇల్లు చేరాక ఆలోచిస్తే, ఎవరి కోసం అడిగామో వారి పేర్లైనా మనకు తెలియవని అర్థమవుతుంది. ఆదోని వైపు పల్లెల్లో చాలా ఏళ్లుగా ఇంటింటి ప్రార్థనలకు తిరిగిన నాకు తెలిసివచ్చింది ఇది: మనుషుల మీద ప్రేమను బలవంతాన తెచ్చుకోబోయినవారు కొన్ని నెలల్లోనే అలసిపోతారు, దేవుణ్ణి ప్రేమించడంలో నిలిచినవారిలో అది చెలమలో నీరులా ఊరుతూ ఉంటుంది. అందుచేత ఈ సాధన అక్కడి నుంచే మొదలుకావాలి.

మార్కు సువార్త 12వ అధ్యాయంలో ధర్మశాస్త్రం బోధించే ఒక శాస్త్రి యేసును అడిగింది ప్రధానమైన ఒక్క ఆజ్ఞ గురించి. యేసు రెండు చెప్పాడు. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించమన్నది ద్వితీయోపదేశకాండము 6:5లోనిది, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్నది లేవీయకాండము 19:18లోనిది. మొదటిది విడిచి రెండవదాన్ని పట్టుకుంటే సేవ మెల్లగా మెప్పు కోసం చేసే పనిగా మారిపోతుంది. రెండవదాన్ని విడిస్తే, 1 యోహాను 4:20 ప్రకారం, మొదటిది అబద్ధమవుతుంది.

ఉదయం ఫోను చేతికి తీసుకోకముందే సువార్తలోని ఒక్క సన్నివేశాన్ని నిదానంగా చదవండి. రోజుకొక అధ్యాయం పూర్తిచేయాలన్న తొందర వద్దు, వారమంతా ఆ ఒక్క సన్నివేశంలోనే ఉండండి. ఉదాహరణకు మత్తయి 9:36లో, కాపరిలేని గొఱ్ఱెలవలె చెదరియున్న సమూహాన్ని చూచి యేసు కనికరపడ్డాడని ఉంది. ఆ ‘కనికరపడి’ అన్న మాటకు మూలమైన గ్రీకు పదం పేగులను సూచించే మాట నుంచి పుట్టింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘కడుపు తరుక్కుపోయింది’ అంటారే, ఇంచుమించు అదే భావం. ఆ సమూహంలో నేనూ ఉన్నానని, ఆయన కడుపు తరుక్కుపోయింది నా కోసం కూడానని నమ్మేవరకు అక్కడే కూర్చోవాలి. ఆ తరువాత, ఆయన మీకు క్షమించినవాటిని ఒక కాగితం మీద రాసుకోండి. విస్తారంగా క్షమాపణ పొందినవారు విస్తారంగా ప్రేమిస్తారని లూకా 7వ అధ్యాయం చెబుతోంది. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకున్నవారికి పక్కింటివారి తప్పు అంత పెద్దదిగా కనిపించదు.

ఇక పేర్ల సంగతి. ‘దేశ ప్రజలందరినీ’ అన్న ప్రార్థన మంచిదే, కానీ దానితో ఎవరి తలుపూ తట్టలేం. మూడు పేర్లు చాలు, అందులో ఒకరు మీకు బొత్తిగా నచ్చనివారై ఉండాలి.

మా ప్రాంతంలో ఆ మూడు పేర్లు వెతుక్కోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. వానలు మొఖం చాటేసిన ఏడు కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతల్లో నెలల తరబడి ఉంటాయి. తాళాలు పడిన ఇళ్ల మధ్య ముసలివాళ్లు, బడి కోసం ఆగిపోయిన పిల్లలు మిగులుతారు. దేవుని ప్రేమ మనలో నిజంగా పనిచేస్తున్నదో లేదో ఆ వీధిలోనే తేలుతుంది. వలస పోయేవారు బండి ఎక్కేముందే వెళ్లి వారి ఫోన్ నంబరు తీసుకోండి, ఇంట్లో ఉండిపోయే అవ్వకు ఏ మందులు ఎప్పుడు వేయాలో అడిగి రాసుకోండి. పిల్లల కోసం ఆ ఏడు సీజనల్ హాస్టల్ (తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలు ఉండే వసతి) నడుస్తున్నదేమో బడిలో విచారించండి. ఆ తరువాత వారానికొకసారైనా ఆ అవ్వ అరుగు మీద కూర్చోండి. ఆమె చెప్పిందే మళ్లీ చెప్పినా వినండి, వారం వారం ఆమెను కొడుకుతో ఫోన్‌లో మాట్లాడించండి. వస్తానని చెప్పిన రోజున మాత్రం తప్పక వెళ్లండి, ఎందుకంటే ఆ అవ్వకు వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆ ఎదురుచూపే.

దీనికి సమయం దొరకదనేవారికి లేవీయకాండము 19వ అధ్యాయమే జవాబిస్తుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న మాటకు కొద్దిగా ముందు, పొలం ఓరలను (అంచులను) పూర్తిగా కోయవద్దని, పరిగె (కోతలో రాలిన గింజలు) ఏరుకోవద్దని, వాటిని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని ఆజ్ఞ ఉంది. వేరుశనగ పీకిన చేలలో మిగిలిన కాయలు ఏరుకునే ఆడవాళ్లను చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మీ వారంలో కూడా ఒక ఓరను కోయకుండా ఉంచండి: బుధవారం సాయంత్రమో, ఆదివారం ఆరాధన తరువాతి రెండు గంటలో, మరి దేనికీ ఇవ్వకుండా.

సాయానికి షరతు పెట్టవద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను: మందిరానికి వస్తేనే బియ్యం అన్నట్టు ప్రవర్తిస్తే, అవతలివారి ఆకలిని మనం వాడుకున్నట్టే. మీలోని నిరీక్షణకు కారణం ఏమిటని వారే అడిగిన రోజున, 1 పేతురు 3:15 చెప్పినట్టు, సాత్వికంతో చెప్పండి. అడగకపోతే అవ్వకు మందులు తెచ్చి ఇస్తూనే ఉండండి.

కొంతకాలానికి విసుగు తప్పక వస్తుంది, మనుషుల మీద కోపం కూడా వస్తుంది. తొలినాళ్ల క్రైస్తవ సంఘాల్లో ఒకటైన ఎఫెసు సంఘం కష్టపడింది, సహించింది. అయినా మొదటి ప్రేమను వదిలిందని ప్రకటన గ్రంథం 2:4లో ప్రభువు దానిమీద తప్పు మోపాడు. అలాంటి రోజుల్లో మరింత తిరగాలని చూడకండి. చావు కోరుకుని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చాడు, పని తరువాత చెప్పాడు. మీరూ తినండి, నిద్రపోండి, మళ్లీ ఆ ఒక్క సన్నివేశం దగ్గరికి, ఆ కాగితం దగ్గరికి రండి. ఆ వారం అవ్వ దగ్గరికి మీ సంఘంలో మరొకరిని పంపండి.

ఎండలు ముదిరే వేళకు సుగ్గికి పోయినవారు తిరిగి వస్తారు. వచ్చిన రోజునే వెళ్లకండి, వారు ముందు పిల్లలను దగ్గరకు తీసుకోవాలి, ఒళ్లు మరచి నిద్రపోవాలి. రెండు రోజులు ఆగి వెళ్లి, ఎంత మిగిలిందని కాకుండా, మిరపకాయలు కోసిన చేతుల మంట తగ్గిందా అని అడగండి.