డాక్యుమెంటేషన్‌లో లింకులు తెగకుండా, దారి తప్పించకుండా చూసుకోవడం ఎలా

బ్యాకప్‌లు తీసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ కమాండ్-లైన్ టూల్‌కు నేను డాక్యుమెంటేషన్ చూస్తుంటాను. మా పేజీలను తీరిగ్గా కూర్చుని చదివేవాళ్లు తక్కువ. డిస్కు పోయినప్పుడో సర్వర్ లేవనప్పుడో టెన్షన్‌లో తెరుస్తారు. అలాంటి మనిషి రిస్టోర్ పేజీలో సగం దాకా వచ్చి, "కీ ఫైలు ఎక్కడుందో తెలియకపోతే ఈ విభాగం చూడండి" అన్న లింకు నొక్కితే అది ఎక్కడికీ పోకపోవడం ఎంత దారుణమో ఆలోచించండి. క్రాస్ రిఫరెన్సుల (ఒకచోటి నుంచి ఇంకో పేజీకో విభాగానికో ఇచ్చే లింకుల) గురించి నేను ఇంత పట్టుబట్టేది ఆ మనిషి కోసమే.

లింకులు మూడు రకాలుగా చెడతాయి. ఒకటి, పూర్తిగా తెగిపోవడం. దీన్ని మెషీన్ పట్టేస్తుంది. రెండు, లింకు పనిచేస్తూనే వేరే చోటికి తీసుకెళ్లడం. మూడు, ఒకే విషయాన్ని పేజీకో పేరుతో పిలవడం వల్ల, వెళ్లినచోట ఉన్నది తాను వెతికేదో కాదో చదివేవాడికి అర్థం కాకపోవడం. చివరి రెండూ చాప కింద నీరులా పాకుతాయి. ఎవరూ బగ్ రిపోర్టు కూడా పెట్టరు, ట్యాబ్ మూసేసి వెళ్లిపోతారు.

ఐడీ మీరే పెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. దాదాపు ప్రతి డాక్యుమెంటేషన్ టూలూ శీర్షిక చూసి దానికి ఒక యాంకర్‌ను (లింకు నేరుగా ఆ విభాగం దగ్గరే దిగేలా చేసే ఐడీని) తనంతట తానే తయారుచేస్తుంది. చూడ్డానికి సౌకర్యమే. కానీ శీర్షిక అనేది మనుషులు చదవడానికి రాసేది. దాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, మంచి ఉద్దేశంతోనే మారుస్తారు. మార్చాలి కూడా. లింకు ఆ శీర్షిక మీద ఆధారపడి ఉంటే మంచి మార్పు కూడా నష్టమే చేస్తుంది.

శీర్షిక మారకపోయినా ప్రమాదం ఉంది. ఒక కాన్ఫిగరేషన్ పేజీలో షెడ్యూల్, ఎన్‌క్రిప్షన్, రిటెన్షన్ (పాత బ్యాకప్‌లను ఎంతకాలం ఉంచాలన్నది) అని వరసగా మూడు విభాగాలు, ప్రతిదాని కిందా "ఉదాహరణలు" అనే చిన్న శీర్షిక ఉన్నాయనుకోండి. గిట్‌హబ్‌లో మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్‌లో పేజీలు రాసే పద్ధతి) ఫైలును చూపించేటప్పుడు మొదటిదానికి "ఉదాహరణలు", రెండోదానికి "ఉదాహరణలు-1", మూడోదానికి "ఉదాహరణలు-2" అని యాంకర్లు వస్తాయి. రేపు ఎవరో వచ్చి షెడ్యూల్‌కు ముందు స్టోరేజ్ అనే విభాగం చేర్చి, దాని కిందా ఉదాహరణలు రాస్తారు. అంకెలన్నీ ఒకటి చొప్పున జరిగిపోతాయి. రిటెన్షన్ ఉదాహరణల కోసమని "ఉదాహరణలు-2"కు పెట్టిన లింకు ఇప్పుడు ఎన్‌క్రిప్షన్ ఉదాహరణల దగ్గర దిగుతుంది. ఆ యాంకర్ ఉంది కాబట్టి లింక్ చెకర్ నోరు మెదపదు. స్టోరేజ్ విభాగం రాసినవారు పాత పేజీలో ఒక్క అక్షరం కూడా తాకలేదు కాబట్టి రివ్యూలోనూ ఎవరికీ తట్టదు.

అందుకని, వేరే చోటి నుంచి లింకు వచ్చే ప్రతి విభాగానికీ చేత్తో ఐడీ రాయండి. డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ అనే టూల్‌లో అయితే శీర్షికకు ముందు ఒక ఖాళీ లైను వదిలి లేబుల్ (ఐడీని అక్కడ అలా అంటారు) పెట్టాలి: రెండు చుక్కలు, ఒక ఖాళీ, అండర్‌స్కోర్, పేరు, చివర కోలన్. దానికి లింకు ఇచ్చేటప్పుడు "రెఫ్" అనే రోల్ (లింకు రాసే గుర్తు) వాడాలి. స్ఫింక్స్‌లోనే ఆటోసెక్షన్‌లేబుల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, శీర్షికలనే లేబుళ్లుగా మారుస్తుంది. దాన్ని నేను వాడను, ఎవరికీ సూచించను కూడా. మనం తప్పించుకోవాలనుకున్న ముడినే అది మళ్లీ వేస్తుంది. అలాంటిదే ఇంకో టూల్ డాక్యుసారస్‌లో శీర్షిక చివర మీసాల బ్రాకెట్లలో హ్యాష్ గుర్తుతో ఐడీ రాయొచ్చు. పాత పేజీలు గుట్టగా ఉంటే అన్నిటికీ ఒకేసారి ఐడీలు రాసిపెట్టే "రైట్-హెడింగ్-ఐడీస్" అనే కమాండ్ దానితోనే వస్తుంది. ఎమ్‌కేడాక్స్ అనే టూల్‌లో "ఆట్రిబ్యూట్ లిస్ట్" ఎక్స్‌టెన్షన్ ఆన్ చేస్తే అదే పద్ధతి పనిచేస్తుంది. ఆస్కీడాక్ ఫార్మాట్‌లో శీర్షికకు పై లైనులో చదరపు బ్రాకెట్లలో రాస్తారు.

పేరు ఎలా పెట్టాలి? విషయాన్ని బట్టి పెట్టండి, శీర్షిక వాక్యాన్ని బట్టి కాదు. "రిటెన్షన్ పాలసీని మార్చుకోవడం ఎలా" అన్న శీర్షికకు "కాన్ఫిగ్-రిటెన్షన్" చాలు. వెర్షన్ నంబరు, "కొత్త", "స్టెప్-3" లాంటివి ఐడీలో ఉండకూడదు. అవన్నీ రేపటికి అబద్ధాలవుతాయి.

ముందు ప్రాజెక్టు పేరునో అధ్యాయం పేరునో తగిలించడం తప్పనిసరి అంటాను. దీనికి ఒక గట్టి కారణం ఉంది. స్ఫింక్స్‌లో ఇంటర్‌స్ఫింక్స్ అనే సదుపాయంతో ఇతర ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్‌కు లింకులు ఇవ్వొచ్చు. వాళ్ల సైటు నుంచి లేబుళ్ల జాబితా ఉన్న ఒక ఫైలును అది తెచ్చుకుంటుంది. మీ దగ్గర లేని లేబుల్‌ను రెఫ్ అడిగితే, అది ఆ బయటి జాబితాల్లోనూ వెతుకుతుంది. మీ పేజీలో "ఇన్‌స్టలేషన్" అనే లేబుల్ ఉండేది, ఎవరో తీసేశారు. బయటి ప్రాజెక్టులోనూ అదే పేరుతో లేబుల్ ఉందనుకోండి. వార్నింగ్ లేకుండా మీ లింకు ఇంకొకరి ఇన్‌స్టలేషన్ పేజీకి వెళ్లిపోతుంది. పేరు ముందు మీ టూల్ పేరు ఉంటే ఈ గొడవే రాదు.

లింకు మీద ఏం రాయాలి

వీలైనంత వరకు మీరేమీ రాయకండి. లేబుల్ శీర్షికకు ముందే ఉంటే, స్ఫింక్స్ ఆ శీర్షికనే తెచ్చి లింకు మీద వేస్తుంది. రేపు శీర్షిక మారితే లింకు మాటలూ తామే మారతాయి. డాక్‌బుక్ ఫార్మాట్‌లో ఎక్స్‌రెఫ్ చేసేదీ ఇదే, ఆస్కీడాక్‌లో బ్రాకెట్లు ఖాళీగా వదిలితే జరిగేదీ ఇదే. అధ్యాయం నంబర్లు, బొమ్మల నంబర్లు చేత్తో ఎప్పుడూ రాయొద్దు. స్ఫింక్స్‌లో వాటిని తానే వేసే నమ్‌రెఫ్ రోల్ ఉంది.

వాక్యం నడక కోసం సొంత మాటలు పెట్టాల్సి వచ్చినా, నొక్కితే ఏం దొరుకుతుందో ఆ మాటల్లోనే తెలియాలి. "ఇక్కడ" అని మాత్రమే ఉన్న లింకు స్క్రీన్ రీడర్ వాడేవారికి నరకం. వాళ్లు చాలాసార్లు పేజీలోని లింకులను జాబితాగా వింటారు. వరసగా "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వినిపిస్తే ఏం తెలుస్తుంది?

"పైన చెప్పినట్టు", "కింది విభాగంలో", "తర్వాతి పేజీలో" అన్నవి కూడా క్రాస్ రిఫరెన్సులే, కాకపోతే ఏ టూలూ చెక్ చేయలేనివి. పేజీని రెండుగా విడగొట్టిన రోజున అవన్నీ తప్పవుతాయి. కనిపించినప్పుడల్లా వాటిని అసలైన లింకులుగా మార్చేయండి.

"చూడండి" లింకులను ఏ వరసలో పెట్టాలన్నది ముందే రాసుకోవడం మంచిది. లినక్స్ మ్యాన్ (మాన్యువల్) పేజీల ప్రాజెక్టు దీన్ని ఎప్పుడో తేల్చేసింది: చివర్లో వచ్చే "సీ ఆల్సో" జాబితాలో ముందు సెక్షన్ నంబరు ప్రకారం, ఆ తర్వాత అక్షర క్రమంలో, కామాలతో, చివర ఫుల్‌స్టాప్ లేకుండా. ఇంత చిన్న నియమం రాసి ఉంటే, కొత్త పేరు ఎక్కడ చేర్చాలన్న చర్చే ఉండదు.

ఒక వస్తువుకు ఒకే పేరు

రిపాజిటరీ, స్టోర్, వాల్ట్: మూడు పేజీల్లో మూడు పేర్లు, అన్నీ ఒకే డైరెక్టరీ గురించే. లింకులన్నీ సరిగ్గా ఉన్నా చదివేవాడు మూడు వేర్వేరు వస్తువులున్నాయనుకుంటాడు. పదకోశం పేజీ ఒకటి పెట్టి, స్ఫింక్స్ అయితే టర్మ్ రోల్‌తో దానికి కట్టేయండి. పదకోశంలో లేని మాటను టర్మ్‌తో పిలిస్తే బిల్డ్‌లోనే (పేజీలు తయారయ్యేటప్పుడే) వార్నింగ్ వస్తుంది. పేజీలో మొదటిసారి వచ్చినచోట లింకు ఇస్తే సరిపోతుంది. ప్రతి వాక్యంలోనూ ఇస్తే పేజీ అంతా నీలిరంగై ఏది ముఖ్యమో తెలియదు.

వార్నింగ్ వస్తే బిల్డ్ ఆగాలి

వార్నింగులు తెరమీద పారుతూ పోతుంటే ఎవరూ చదవరు. కాబట్టి సీఐలో (మార్పు వచ్చినప్పుడల్లా బిల్డ్, చెక్‌లు తమంతట తామే నడిచే చోట) వాటిని ఎర్రర్లుగా మార్చండి. స్ఫింక్స్‌లో దీనికి -W (పెద్ద అక్షరం డబ్ల్యూ) ఫ్లాగ్ ఉంది. పాత వెర్షన్లలో దానికి తోడు కీప్-గోయింగ్ కూడా ఇవ్వాలి, లేకపోతే మొదటి వార్నింగ్ దగ్గరే ఆగిపోయి మిగతావి చూపించదు. ఎమ్‌కేడాక్స్‌లో స్ట్రిక్ట్ మోడ్. అందులో 1.6 వెర్షన్ నుంచి యాంకర్లను కూడా పరిశీలిస్తుంది కానీ, ఆ సెట్టింగును వార్నింగ్ స్థాయికి మీరే పెంచాలి. డాక్యుసారస్ ప్రొడక్షన్ బిల్డ్‌లో పేజీ లింకు తెగితే మామూలుగానే ఆగిపోతుంది, యాంకర్ తెగితే మాత్రం వార్నింగ్‌తో సరిపెట్టుకుంటుంది. దాన్నీ ఆగేలా మార్చుకోండి.

స్ఫింక్స్‌లో ఇంకో సంగతి. లేని లేబుల్‌ను రెఫ్‌తో పిలిస్తే వార్నింగ్ వస్తుంది కానీ, లేని ఫంక్షన్‌నో క్లాస్‌నో పిలిస్తే మామూలుగా ఏమీ అనదు. లింకు లేకుండా మాట మాత్రం వేసి ఊరుకుంటుంది. ఇవి బయటపడాలంటే నిట్‌పికీ మోడ్ ఆన్ చేయాలి. పాత ప్రాజెక్టులో ఆన్ చేస్తే వార్నింగుల వరద వస్తుంది, చూసి భయపడొద్దు. పైథాన్ డాక్యుమెంటేషన్ బృందం దీనికి చక్కటి దారి కనిపెట్టింది. ఇప్పటికే వార్నింగులున్న ఫైళ్ల పేర్లు ఒక జాబితాలో పెట్టారు. ఆ జాబితాలో లేని ఫైలులో ఒక్క వార్నింగ్ వచ్చినా చెక్ ఫెయిలవుతుంది. ఎవరైనా ఒక ఫైలును శుభ్రం చేస్తే దాని పేరు జాబితా నుంచి తీసేస్తారు. బాగుపడిన ఫైలు మళ్లీ పాడయ్యే అవకాశం లేదు, ఒకేసారి అంతా సరిచేయమని వాలంటీర్ల మీద భారమూ పడదు. మా దగ్గరా ఇదే పద్ధతి పెట్టాం. కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి పుల్ రిక్వెస్ట్‌గా (ప్రాజెక్టులో చేర్చమని పంపే మార్పుగా) ఇవ్వడానికి ఇంతకంటే మంచి పని నాకు తెలియదు.

బయటి సైట్ల లింకులు వేరే లెక్క. స్ఫింక్స్ లింక్‌చెక్ బిల్డర్ గానీ, లైచీ లాంటి టూల్ గానీ వాడండి. కానీ దాన్ని ప్రతి పుల్ రిక్వెస్ట్ మీదా నడపకండి. ఎవరిదో సర్వర్ ఆ క్షణంలో నెమ్మదించిందని, అక్షర దోషం సరిచేసిన మనిషికి ఎర్ర గుర్తు చూపించడం అన్యాయం. వారానికోసారి విడిగా నడిపి, వచ్చిన ఫలితాన్ని ఒక ఇష్యూగా తెరిస్తే చాలు.

కోడ్‌లో దాక్కున్న లింకులు

డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో అంతా బాగున్నా, ఎర్రర్ మెసేజ్‌లో, హెల్ప్ టెక్స్ట్‌లో, కామెంట్లలో మన పేజీల చిరునామాలు ఉంటాయి. పేజీ కదిలినప్పుడు అందరూ మరిచిపోయేవి ఇవే. లినక్స్ కెర్నెల్‌లో ఇందుకోసమే "డాక్యుమెంటేషన్-ఫైల్-రెఫ్-చెక్" అనే స్క్రిప్టు ఉంది. సోర్స్ ట్రీ అంతా తిరిగి, ఎక్కడెక్కడ లేని డాక్యుమెంటేషన్ ఫైళ్ల పేర్లు ఉన్నాయో చెబుతుంది. గిట్ ప్రాజెక్టు కూడా తన మాన్యువల్ పేజీల మధ్య లింకుల కోసం ఒక చిన్న లింట్ (తప్పులు పట్టే) స్క్రిప్టు రాసుకుంది. మీకు అంత అవసరం లేకపోతే, మీ సైటు చిరునామా కోసం కోడ్ మొత్తంలో గ్రెప్ కొట్టి (వెతికే కమాండ్ నడిపి), దొరికినవి ఒకే ఫైలులో స్థిరాంకాలుగా పెట్టండి. అప్పుడు చెక్ చేయాల్సింది ఆ ఒక్క ఫైలే.

ఎర్రర్ మెసేజ్‌లోని లింకు ఏ వెర్షన్ పేజీకి వెళ్తోందో కూడా చూడండి. రెండేళ్ల కిందటి రిలీజ్ వాడుతున్న మనిషిని "లేటెస్ట్" పేజీకి పంపితే, తన దగ్గర లేని ఆప్షన్ గురించి చదువుతాడు. లింకులో రిలీజ్ నంబరును బిల్డ్ సమయంలో చేర్చడం కష్టమేమీ కాదు.

పేజీ కదిలినప్పుడు, పోయినప్పుడు

ఫైలు పేరు మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) కూడా ఉండాలి. "తర్వాత చేస్తాం" అంటే జరగదు. ఐడీ మాత్రం మార్చొద్దు. విభాగం వేరే పేజీకి వెళ్తే లేబుల్‌ను దానితోపాటే తీసుకెళ్లండి. స్ఫింక్స్‌లో లేబుల్ ఏ పేజీలో ఉన్నా రెఫ్ వెతికి పట్టుకుంటుంది, లోపలి లింకులు ఒక్కటీ తాకక్కర్లేదు. బయటివాళ్లు పెట్టుకున్న పాత చిరునామాలకు రీడైరెక్ట్ కావాలి. అయితే చిరునామాలో హ్యాష్ తర్వాతి భాగం సర్వర్‌కు చేరదు కాబట్టి, ఒక పేజీలోని ఒక్క విభాగమే వెళ్లిపోతే రీడైరెక్ట్ ఏమీ చేయలేదు. అలాంటప్పుడు పాతచోట అదే శీర్షిక ఉంచి, ఫలానా పేజీకి మారిందని ఒక వాక్యం, ఒక లింకు ఇవ్వండి. లేబుల్ కొత్తచోటికి వెళ్లిపోయింది కాబట్టి, హ్యాష్ తర్వాతి పాత పేరు ఇక్కడ పనిచేస్తోందో లేదో బ్రౌజర్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి.

ఫీచర్‌నే తీసేస్తే? లేబుల్‌ను చెరిపేయాలనిపిస్తుంది, చెరపకండి. "తొలగించిన ఫీచర్లు" అనే పేజీ పెట్టి, ఆ లేబుల్‌ను అక్కడికి మార్చండి. ఏ రిలీజ్‌లో పోయింది, ఎందుకు పోయింది, బదులుగా ఏ కమాండ్ వాడాలి, పాత బ్యాకప్‌లను ఇప్పటికీ తెరవొచ్చా లేదా అన్నవి నాలుగు లైన్లలో రాయండి. పాత పేజీ చిరునామాను కూడా రీడైరెక్ట్‌తో ఆ పేజీకే కట్టేయండి.