చూసి రాస్తారు, చదవమంటే తెల్లమొహం వేస్తారు: చిన్న తరగతుల్లో చదవడం, రాయడం చిక్కులు

సమస్య: బోర్డు మీదది చక్కగా ఎక్కించుకుంటారు, చదవలేరు

మా రెండో తరగతిలో ఒక పాప దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఒకరోజు బోర్డు మీద 'నిమ్మకాయ' రాశాను. పాప నోట్సులో 'మ్మ' పక్కన ఒక సన్నటి గీత కనిపించింది. తలెత్తి చూస్తే బోర్డుకు సరిగ్గా అక్కడే పగులు ఉంది. దాన్ని కూడా కలిపి రాసేసింది.

కారణం: పాప ఆ పదాన్ని బొమ్మలా గీస్తోంది. కన్ను, చెయ్యి పనిచేస్తున్నాయి, చెవికి, నోటికి పని పడలేదు. ఇలాంటప్పుడు చూచిరాత ఇంకో పది పేజీలు ఇచ్చినా చదవడం రాదు.

పరిష్కారం: పదం కింద వేలు పెట్టి పైకి చదివించండి. బోర్డు తుడిచేయండి. ని-మ్మ-కా-య అని పలుకుతూ రాయమనండి. మళ్లీ బోర్డు మీద రాసి, ఎవరిది వాళ్లనే సరిచూసుకోనివ్వండి. రోజుకు ఐదు పదాలు చాలు. నోట్సు నిండలేదేమని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల ముందే పాపతో ఆ ఐదు పదాలూ చదివించండి.

సమస్య: గడగడా చదువుతారు, డిక్టేషన్‌లో ఒత్తులు ఎగిరిపోతాయి

కారణం: మొదటి అక్షరం, పక్కనున్న బొమ్మ చూసి పదం పట్టేస్తున్నారు. లోపల ఏముందో చూసే అవసరం రాలేదు. రాసేటప్పుడు ఆ లోటు బయటపడుతుంది. పైగా మన లిపిలో ఒక చిక్కుంది. 'రాత్రి' అన్నప్పుడు 'ఇ' శబ్దం 'ర' తర్వాత వినిపిస్తుంది, గుడి మాత్రం 'త' మీద పెట్టాలి. పిల్లలు విన్నది విన్నట్టు 'రాతిరి' అని రాస్తారు. అది అజాగ్రత్త అనుకుని కోప్పడకండి, పాపం వాళ్లు బాగానే విన్నారు.

పరిష్కారం: గద-గద్ద, పుట-పుట్ట లాంటి జంటలు చదివించి, వెంటనే అవే రాయించండి. ఒత్తు మారితే అర్థం మారుతుందని తెలిశాక దాన్ని వదలరు. 'రాత్రి' లాంటివాటిని రా-త్రి అని చప్పట్లతో విడగొట్టి, గుడి ఎక్కడుందో వాళ్లనే చూపించమనండి.

సమస్య: ప్రశ్నకు జవాబు అప్పజెబుతారు, సొంతంగా ఒక్క వాక్యం రాయలేరు

కారణం: ఇప్పటిదాకా రాసినవన్నీ మనం చెప్పిన జవాబులే. చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అయినా, అదే పనికి 2022 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో నడిచిన తొలిమెట్టు అయినా పిల్లల నుంచి కోరేది అర్థం చేసుకుని చదవడమే. బట్టీతో అది రాదు.

పరిష్కారం: ముందు మాట్లాడించండి. "నిన్న మా నాయనమ్మ ఊరెల్లింది" అని పిల్లాడంటే, అలాగే బోర్డు మీద రాయండి. దాని కింద 'వెళ్లింది' అని పుస్తకంలో వాడే రూపం రాయండి, మొదటిదాన్ని కొట్టేయకండి. తన మాటే కాబట్టి వాడు తడుముకోకుండా చదువుతాడు. ఆ తర్వాత ఏమైందో ఇంకో వాక్యం వాడినే రాయమనండి. దాన్ని పక్కపిల్లాడి చేత చదివించండి. అవతలివాడు ఎక్కడ ఆగితే అక్కడ ఏదో తప్పిందని రాసినవాడికే తెలిసిపోతుంది. నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

సమస్య: రోజురోజుకీ తక్కువ రాస్తున్నారు

పేజీ నిండా ఎర్రసిరా పడితే భయమేస్తుంది. ఈ వారం దీర్ఘాలు, వచ్చే వారం ఒత్తులు, ఇలా ఒక్కో రకం తప్పే దిద్దండి.

ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే, పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. వెంటనే తేడా కనిపిస్తే కళ్లు పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.