సీసం కరుగుతోంది కానీ అచ్చు నిండట్లేదా? గాలం బరువులు పోసుకునేవాళ్ళకి సమస్య - పరిష్కారం

ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, సీసం కరిగింది కానీ అచ్చులోకి సరిగ్గా పారట్లేదు" అంటే నేను మంట గురించి అడగను, తుక్కు ఎక్కడ్నుంచి తెచ్చావు, వేరే లోహాల ముక్కలు ఏరావా, ఆరబెట్టావా అని అడుగుతా. పదిమందిలో ఎనిమిదిమంది ఏరలేదనే చెప్తారు. కోవళంలో, ఎన్నూర్‌లో, పళవేర్కాడు (పులికాట్) వైపు గాలం వేసేవాళ్ళు చెన్నైలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, 100 గ్రాముల బరువు రాళ్ళలో ఇరుక్కుని తెగిపోతుంటే ప్రతిసారీ కొనలేక ఇంట్లోనే పోసుకుంటారు, అది తప్పేం కాదు. కాకపోతే ఒకే తప్పు అందరూ చేస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. ఇనుప మూకుడు, గ్యాస్ బర్నర్, గరిటె, అల్యూమినియం అచ్చు వాడటం వచ్చనే అనుకుని మొదలుపెడుతున్నా.

మొదట ఏ సమస్యకైనా ముందు చూడాల్సింది: తడి

కరిగిన సీసంలోకి ఒక్క నీటి చుక్క దిగినా అది ఆవిరై దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది, పైనున్న సీసాన్ని మొత్తం ఎగరేస్తుంది. పైన పడ్డ చుక్క చిటపటలాడి ఆరిపోతుంది, ప్రమాదం లోపలికి మునిగిన తడితోనే. మా బామ్మర్ది కాశిమేడు చేపల రేవు నుంచి తెచ్చిన పాత వల గుండ్లు, మధ్యలో బెజ్జం ఉండేవి, సగం కరిగిన మూకుట్లో ఒకటి వేశాడు. బయటికి ఎండిపోయినట్టే ఉంది, బెజ్జంలో ఇసుక గట్టిగా పట్టి దాని వెనక ఉప్పునీరు ఉండిపోయింది. రెండు సెకన్లు ఏం కాలేదు, తర్వాత డబ్ మని ఒక్క శబ్దం, పైన రేకుకి సీసం చుక్కలు అతుక్కుపోయాయి, వాడి ముంజేతి మీద నాలుగు చోట్ల కాలింది. ముఖానికి షీల్డ్ ఉంది కాబట్టి కళ్ళు దక్కాయి.

అందుకని రూల్ ఒకటే. కరిగిన సీసంలోకి కొత్త తుక్కు వెయ్యొద్దు. మొత్తం తుక్కు చల్లటి మూకుట్లో వేసి అప్పుడు మంట పెట్టండి, వేడెక్కుతూనే తడి పోతుంది. తర్వాత వెయ్యక తప్పకపోతే ఆ ముక్కని మూకుడు అంచు మీద పెట్టి బాగా కాగి, లోపలి తడి మొత్తం ఆవిరైపోయాకే వెయ్యండి. బెజ్జమున్న గుండు, మూసుకుపోయిన పైపు ముక్క, మడిచిన రేకు, వీటిని హ్యాక్సాతో కోసి తెరిచిగానీ మూకుట్లోకి పంపకండి, సుత్తితో చదును చేస్తే తడి లోపలే ఇరుక్కుంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలు, ఆ రోజుల్లో గరిటె, అచ్చు, కలిపే కర్ర కూడా వేడి చెయ్యకుండా ముంచకండి. వాన పడేలా ఉంటే ఆ రోజు పని మానేయండి.

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు వాడేవాళ్ళకి విడిగా చెప్తున్నా. అది ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, కానీ గట్టిపడ్డప్పుడు నీళ్ళు దాని లోపలే పట్టి ఉండిపోతాయి, సీసం తగలగానే ఆ నీళ్ళు ఆవిరవుతాయి, మొహం దగ్గర పెట్టుకుని పోస్తే అంతే. ఓవెన్‌లో ఇన్ని గంటలు పెట్టాను అని చెప్పేవాళ్ళని కూడా నేను నమ్మను. అల్యూమినియం అచ్చు కొనండి, ఒక్కసారి ఖర్చు.

సమస్య: బరువు మీద ముడతలు, అంచులు గుండ్రంగా, పైకొస పూర్తిగా నిండలేదు

కారణం తొంభై శాతం అచ్చు చల్లగా ఉండటం. మొదటి ఐదారు పోతలు పారేసేవే, అవి మళ్ళీ మూకుట్లోకే వెళ్తాయి. మూకుడు అంచు మీద అచ్చుని ఐదు నిమిషాలు పెట్టండి, చాలు. ఎక్కువ వేడయితే పైభాగం మంచుపట్టినట్టు తెల్లగా వస్తుంది, గాలం బరువుకి దాంతో నష్టమేమీ లేదు.

సమస్య: పక్కల రెక్కలు. అచ్చు సరిగ్గా మూసుకోలేదు, జాయింట్‌లో సీసం పొర ఉంది, గీరేయండి.

సమస్య: సీసం చిక్కగా, ఉప్మాలా, గరిటెలోంచి జారట్లేదు

అందరినీ ముంచేది ఇదే, నన్ను కూడా ముంచింది, అందుకే దీనిమీద ఎక్కువ రాస్తా.

నాకు జరిగింది చెప్తా. ఒక టైర్ షాపు నుంచి 18 కిలోల వీల్ వెయిట్లు తెచ్చుకున్నా, చక్రాల బ్యాలెన్సింగ్‌కి రిమ్‌కి తగిలించే చిన్న ముక్కలు. అన్నీ బూడిద రంగే, అన్నీ మురికే, ఏరేదేముంది అనుకుని మొత్తం మూకుట్లో పోసి బర్నర్ ఫుల్‌లో పెట్టి ఫోన్ మాట్లాడుతూ కిందికి వెళ్ళా, తిరిగొచ్చేసరికి అరగంట. ఇనుప క్లిప్పులు పైన తేలుతున్నాయి, తీసేశా. కింద సీసం చూస్తే పైన మందంగా మీగడలాంటి పొర, తీస్తే మళ్ళీ వస్తోంది, గరిటెలోంచి పోస్తే ధారగా రాకుండా ముద్దలు ముద్దలుగా పడుతోంది. బామ్మర్ది పక్కనే ఉన్నాడు, "బావా, ఇంకా మంట పెంచుదాం, కారుతుంది" అన్నాడు. నేను కూడా సరే అన్నా. మూడుసార్లు పెంచాం. ప్రతిసారీ కాసేపు పలచబడ్డట్టు అనిపించి అచ్చులోకి రాగానే మళ్ళీ సగంలో ఆగిపోయేది. ఆ సాయంత్రం మొత్తం పోయింది.

ఆ 18 కిలోల్లో జింక్ ముక్కలు ఉన్నాయి, అదీ సంగతి. సీసం 327 డిగ్రీల్లో కరుగుతుంది, జింక్ 419 డిగ్రీల్లో. సీసం కంటే జింక్ చాలా తేలిక కాబట్టి 350, 360 దగ్గర ఆపితే జింక్ ముక్కలు ఇనుప క్లిప్పుల పక్కనే గట్టిగా తేలుతూ ఉంటాయి, చిల్లుల గరిటెతో తీసేయొచ్చు. మంట ఫుల్‌లో వదిలేస్తే 419 దాటుతుంది, అప్పుడు అది కరిగి సీసంలో కలిసిపోతుంది, ఇక కంటికి కనపడదు. నూటికి రెండు పాళ్ళు కలిసినా చాలు, పోత చెడిపోవడానికి. వేడి తగ్గేకొద్దీ సీసం జింక్‌ని పట్టుకోలేక బయటికి తోసేస్తుంది, మనకి కనిపించే మీగడ, ముద్దలు అవే.

మనిషిని తప్పుదారి పట్టించేది కూడా అదే. ముద్దలు చూడగానే చల్లబడిందేమో అనిపిస్తుంది, మంట పెంచుతాం, పెంచితే మూకుట్లో మిగిలిన జింక్ ముక్కలు కూడా కరిగిపోతాయి. పెంచినకొద్దీ రోగం ఎక్కువవుతుంది. ఇంకో మాట, 419 కంటే తక్కువలో కూడా జింక్ సీసంలో నెమ్మదిగా అరుగుతూనే ఉంటుంది, కాబట్టి 360లోనే ఉంచాను కదా అని తేలే ముక్కల్ని గంటసేపు అలాగే వదిలేయొద్దు, సీసం కరగగానే తీసేయండి.

ఏరడం ఎలాగంటే, అన్నిటికంటే తేలిక పద్ధతి నేలకేసి వినడం. సిమెంట్ గచ్చు మీద మోకాలెత్తు నుంచి ఒక్కొక్కటి వదలండి. సీసం థప్ మని పడి అక్కడే ఆగిపోతుంది, జింక్ టింగ్ మని మోగి ఎగురుతుంది. పదిహేను ముక్కలు విన్నాక చెవికి అలవాటైపోతుంది, తర్వాత 18 కిలోలు ఏరడానికి ముప్పావుగంట. అనుమానం ఉన్నవాటిని కటింగ్ ప్లయర్‌తో కొరకండి, సీసంలో దవడ దిగబడి మెరిసే గాటు పడుతుంది, జింక్ మీద జారుతుంది. అయస్కాంతానికి అతుక్కున్నది ఇనుము, పక్కన పెట్టేయండి. కొన్నిటి మీద పీబీ (సీసం), జెడ్‌ఎన్ (జింక్), ఎఫ్‌ఈ (ఇనుము) అని ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉంటాయి, కానీ మురికి, రంగు కింద కనపడవు కాబట్టి అక్షరాల మీదే ఆధారపడకండి. ఇంకా తేలకపోతే ముక్కని ఆకురాయితో కొంచెం రాసి టాయిలెట్ కడిగే యాసిడ్ ఒక్క చుక్క, గ్లౌజులు కళ్ళద్దాలతో, బయట గాలిలో: జింక్ అయితే వెంటనే నురగ వస్తుంది, సీసం కదలదు. చుక్క వేసిన ముక్కని కడిగి పూర్తిగా ఆరాకే వాడండి. కొత్త కార్లకి వస్తున్న వాటిల్లో జింక్, ఇనుము ఎక్కువైపోతున్నాయి, ఈమధ్య ఏ షాపు బకెట్ తెచ్చినా నేను ఏరకుండా మంట వెలిగించను.

ఒక జాగ్రత్త. ఉప్మాలా ఉన్న ప్రతిదీ జింక్ కాదు. వీల్ వెయిట్లలో సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ అనే లోహం ఉంటుంది, అది కలిసిన సీసం ఇంకా సరిగ్గా వేడెక్కనప్పుడు కాసేపు ముద్దగానే ఉంటుంది. దాన్ని చెత్త అనుకుని తీసేస్తే మంచి సరుకే పోతుంది. 350 దాకా తెచ్చి, మైనం (కొవ్వొత్తి ముక్క, ఎలా వెయ్యాలో కింద చెప్తా) వేసి కలిపి చూడండి, ముద్ద కరిగిపోయి అద్దంలా అయితే అది చలువ ముద్ద. మైనం వేసినా అలాగే నిలిచి, తీస్తే మళ్ళీ కడుతుంటే జింక్. నీలం, బంగారు రంగు పొర కనపడగానే జింక్ అని కంగారుపడేవాళ్ళు కూడా ఉన్నారు, శుద్ధ సీసం వేడెక్కినా ఆ రంగులు వస్తాయి, రంగు ఒక్కటే చూసి తేల్చకండి.

కలిసిపోయాక ఏం చెయ్యాలి? మంట తగ్గించి 340 దాకా నెమ్మదిగా చల్లారనివ్వండి, పైకి తేలిన మందపు పొరని తీసేయండి, రెండు మూడుసార్లు. కొంత పోతుంది, మొత్తం పోదు. మిగిలింది దిమ్మలు పోసి మార్కర్‌తో జెడ్‌ఎన్ అని రాసి విడిగా పెట్టండి. సన్న పనికి వాడకండి, పెద్ద నోరున్న అచ్చులో మొద్దు బరువులకి పనికొస్తుంది, లేదా ఐదారు రెట్లు మంచి సీసంలో కొద్దికొద్దిగా కలిపేయండి. గంధకం వేస్తే జింక్ పోతుందని చెప్పేవాళ్ళ మాట ఇంట్లో వినకండి, ఆ పొగ ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది.

సమస్య: బూడిద పొడి ఎంత తీసినా వస్తూనే ఉంది

అది సీసం తుప్పు, దాన్ని తీసి పారేస్తే సీసాన్నే పారేస్తున్నట్టు. మైనం అందుకే వేసేది, తుప్పుని తిరిగి సీసంగా మారుస్తుంది, మట్టి, మసి మాత్రం పైకి వదిలేస్తుంది. పది కిలోలకి ఉసిరికాయంత కొవ్వొత్తి ముక్క, వెయ్యగానే పొగ వస్తుంది, కొంచెం వెనక్కి జరిగి పొడుగు లైటర్‌తో ఆ పొగని మీరే వెలిగించండి, లేకపోతే మీరు వంగి చూస్తున్నప్పుడు అదే భగ్గుమంటుంది. తర్వాత ఎండిన కర్రతో అడుగు, గోడలు గీరుతూ రెండు నిమిషాలు కలపాలి, పైపైన తిప్పితే లాభం లేదు, మట్టి అడుగునే అతుక్కుని ఉంటుంది. పైకొచ్చింది నల్లగా, పొడిగా, తేలిగ్గా ఉంటే తీసేయండి, మెరుస్తూ బరువుగా ఉంటే ఇంకోసారి మైనం. మైనం బదులు రంపపు పొట్టు వాడేవాళ్ళు అది పైన నల్లగా మాడాకే కలపండి, పచ్చి పొట్టు లోపలికి తొయ్యొద్దు, మళ్ళీ తడి సంగతే. ఇంత చేసినా పొడి ఆగకపోతే వేడి ఎక్కువైంది, తగ్గించండి. గన్ లాంటి థర్మామీటర్ మెరిసే సీసం మీద తక్కువ చూపిస్తుంది, ముంచే ప్రోబ్ ఉన్నది తీసుకోండి.

అరుదైనవి: తుక్కు షాపులో "ఈయం" అని అడిగితే ఒక్కోసారి తగరం కూడా ఇస్తారు, తమిళంలో రెండిటికీ అదే మాట, కారీయం సీసం, వెళ్ళీయం తగరం. తగరం కలిస్తే పోత బాగానే వస్తుంది, డబ్బు దండగ అంతే. అల్యూమినియం గిన్నెలో కరిగించేవాళ్ళు ఇంకా ఉన్నారు, వేడికి మెత్తబడి అడుగు ఊడుతుంది, ఇనుమే వాడండి. కారు బ్యాటరీ పగలగొట్టి ప్లేట్లు కరిగించడం మాత్రం ఎప్పుడూ వద్దు, యాసిడ్ ఒక్కటే కాదు, ఆ ప్లేట్ల తెట్టుకి తడి తగిలితే ప్రాణాంతకమైన వాయువులు వస్తాయి. పాత బ్యాటరీ డీలర్‌కి తిరిగివ్వాలని 2001 నుంచే రూల్ ఉంది.

పని అయ్యాక

పొగ కంటే తెట్టు దుమ్ము ప్రమాదం. 360, 380 దగ్గర సీసం ఆవిరి పెద్దగా రాదు, కానీ తెట్టు తీసేటప్పుడు లేచే సన్న పొడి చేతికి, చొక్కాకి, చెప్పులకి పడుతుంది, అదే ఇంట్లోకి వస్తుంది. పెట్రోల్లో సీసాన్ని 2000లో దేశమంతా ఆపేశారు, సీసం పిల్లల మెదడుకి చేటు, నేల మీద పాకే పిల్ల ఉన్న ఇంట్లో డాబా మీద ఈ పని చేసి ఆ చెప్పులతోనే లోపలికి రావడం ఎంత తప్పో ఆలోచించండి. కిందింటి వాళ్ళు వడియాలు ఎండబెట్టే డాబా అయితే అసలు అక్కడ చెయ్యకండి. పొడిచీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ కవర్లో కట్టేయండి. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కునేదాకా కాఫీ కూడా తాగకండి. బట్టలు విడిగా ఉతకండి. సీసానికి వాడిన మూకుడు మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు, ఎంత తోమినా సరే, చింతపండు పులుపుకి సీసం రసంలోకి దిగుతుంది.

కాలితే పారే నీళ్ళ కింద 20 నిమిషాలు, పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయకండి, చర్మానికి అతుక్కున్న సీసాన్ని పీకకండి, నేరుగా ఆస్పత్రికి. మాకు దగ్గర కిల్పాక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, అక్కడ కాలిన గాయాలకి పెద్ద వార్డే ఉంది.

తెట్టుని మూతున్న డబ్బాలో పోసి సీసం అని రాసి పెట్టండి, మొక్కల కుండీలో, కాలవలో పొయ్యొద్దు. డబ్బా నిండాక రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి ఇచ్చేయండి.