ఇంట్లో అండలూసియా విందు ఎలా ఏర్పాటు చేయాలి?

స్పెయిన్ వంట అనగానే పాయెయా అనే అన్నం వంటకం, సాంగ్రియా అనే పండ్ల వైన్ పేర్లే ముందుగా వినిపిస్తాయి గానీ, ఆ దేశంలో ప్రాంతం మారితే వంట కూడా మారిపోతుంది. గలీసియాలో ఉడికించిన ఆక్టోపస్‌కు అల్బరీన్యో అనే తెల్ల వైన్ తోడు. కాతలోనియాలో టమాటా రుద్దిన రొట్టె (బ్రెడ్), నురగలెత్తే కావా వైన్. సెగోవియాలో పొయ్యిలో కాల్చిన పంది పిల్ల. వీటిలోంచి ఒక్కొక్కటి ఏరి తెచ్చి ఒకే బల్ల మీద పెడితే చూడటానికి నిండుగా ఉంటుంది తప్ప రుచుల మధ్య పొత్తు కుదరదు, పైగా వీటన్నిటికీ సరిపడే వైన్‌ను వెతకడం మరింత కష్టం. అందుచేత ఒకే ప్రాంతాన్ని ఎంచుకుని, అక్కడి వంటకు అక్కడి వైన్‌నే జత చేయడం మేలు. తెలుగు వంటిల్లు ఉన్నవారికి దక్షిణాన ఉన్న అండలూసియా అన్నిటికంటే అనువుగా ఉంటుంది. వెల్లుల్లి, జీలకర్ర, శనగలు, పాలకూర అక్కడి వంటలోనూ నిత్యం వాడేవే. పాయెయాను మాత్రం ఈ రాత్రికి పక్కన పెట్టాలి. అది వాలెన్సియా వంటకం, అక్కడివారు దాన్ని మధ్యాహ్న భోజనంగా తింటారు.

ముందుగా వైన్

సాధారణంగా వంటకాలు నిర్ణయించాక వైన్ గురించి ఆలోచిస్తాం. అండలూసియా విందుకు దీన్ని తలకిందులు చేయవచ్చు, ఎందుకంటే మొదటి ముద్ద నుంచి చివరి తీపి దాకా షెర్రీ అనే ఒక్క వైనే రకరకాల రూపాల్లో నడిపించగలదు. హెరెస్ పట్టణం చుట్టూ ఉన్న తెల్లని సున్నపు నేలల్లో పండే పలోమీనో ద్రాక్షతో దీన్ని తయారు చేస్తారు. పులిసిన వైన్‌కు ద్రాక్షసారా కలిపి ఆల్కహాల్‌ను దాదాపు 15 శాతానికి తెచ్చి, పీపాలను పూర్తిగా నింపకుండా ఉంచితే, పైన ఫ్లోర్ అనే ఈస్ట్ పొర కడుతుంది. ఆ పొర కింద గాలి తగలకుండా పరిపక్వమైనది ఫీనో. సముద్రపు ఒడ్డునున్న సాన్‌లూకర్‌లో అదే పద్ధతిలో పరిపక్వమైనది మంజనీయా. సారా కలిపి ఆల్కహాల్‌ను 17 శాతం దాటిస్తే ఈస్ట్ బతకదు, వైన్‌కు గాలి తగిలి గోధుమ రంగు, అక్రోటు కాయల వాసన వస్తాయి, అది ఒలొరోసో. పెద్రో హిమెనెస్ అనేది వేరే ద్రాక్ష. దాన్ని ఎండబెట్టి పిండితే పాకంలా చిక్కగా, నల్లగా, మహా తియ్యగా ఉండే వైన్ వస్తుంది.

ఆరుగురికి రెండు సీసాల ఫీనో, ఒక ఒలొరోసో, ఒక చిన్న సీసా పెద్రో హిమెనెస్ చాలు. మామూలు వైన్ కంటే ఘాటు కాబట్టి ఒక్కోసారి 75 మిల్లీలీటర్లకు మించి పోయవద్దు. ఫీనోను ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, ఒలొరోసోను వడ్డించడానికి అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి బయటికి తీయాలి. షెర్రీకి ఇరుకైన చిన్న గ్లాసులే వాడాలనే అలవాటు ఒకటుంది. వాటిలో వాసన తెలియదు, మామూలు తెల్ల వైన్ గ్లాసులే నయం. అన్ని దుకాణాల్లో షెర్రీ దొరకదు కనుక సీసాలు చేతికి వచ్చాకే అతిథులను పిలవడం మంచిది.

ముందురోజు పని

మాంసం కూర ముందురోజే వండి పెట్టాలి. అండలూసియాలోని కోర్దోబా నగరంలో ప్రసిద్ధమైనది ఎద్దు తోకను వైన్‌లో గంటల తరబడి ఉడికించే రాబో దె తోరో. అది తినని అతిథులు ఉంటే, గొర్రెల కాపరుల వంటకమైన కాల్దెరెతా చేయవచ్చు. కిలోన్నర ఎముకతో ఉన్న గొర్రె మాంసాన్ని ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి తీసి, అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, ఒక ఎర్ర క్యాప్సికమ్, ఆరు వెల్లుల్లి రెబ్బలు మగ్గనిచ్చి, రెండు చెంచాల పిమెంతోన్, బిర్యానీ ఆకు, ఒక గ్లాసు తెల్ల వైన్ వేసి, మాంసం తిరిగి చేర్చి, మునిగేలా నీళ్లు పోసి సన్నని మంట మీద రెండు గంటలు ఉడికించాలి. పిమెంతోన్ అంటే తియ్య మిరప పొడి. పొగలో ఆరబెట్టిన రకం దొరికితే మరీ మంచిది. దాని బదులు కశ్మీరీ కారం వేస్తే రంగు వస్తుంది గానీ ఆ పొగ వాసన రాదు. గరం మసాలా జోలికి మాత్రం పోవద్దు. పావు కిలో కాబూలీ శనగలను కూడా ఈ రాత్రే నానబెట్టాలి.

ఆ రోజు ఉదయం

కిలో బాగా పండిన టమాటాలు, అంచులు తీసిన 200 గ్రాముల నిన్నటి రొట్టె, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు కలిపి మిక్సీలో మెత్తగా తిప్పుతూ, 150 మిల్లీలీటర్ల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను సన్నని ధారగా పోస్తే కోర్దోబా వారి సాల్మొరేహో తయారవుతుంది. దీన్ని వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు ఉడికించిన గుడ్డు తురుము, ఎండబెట్టిన పంది మాంసమైన హమోన్ ముక్కలు చల్లాలి. మన నాటు టమాటాకు పులుపు ఎక్కువ కాబట్టి వినిగర్ అక్కర్లేదు.

తర్వాత సెవిల్ పాలకూర శనగలు. శనగలను మెత్తగా ఉడికించుకోవాలి. ఆలివ్ నూనెలో రెండు రొట్టె ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి, చెంచా జీలకర్ర, కొద్దిగా పిమెంతోన్, చెంచాడు వినిగర్ చేర్చి నూరాలి. ఈ ముద్దను, అర కిలో పాలకూరను శనగలతో కలిపి కాసేపు మగ్గనివ్వాలి. శాకాహార అతిథులకు ఇదే ప్రధాన వంటకం అవుతుంది కనుక కొంచెం ఎక్కువే చేయండి.

విందు రాత్రి

స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదింటికి ముందు మొదలుకావడం అరుదు కాబట్టి, ఎనిమిదింటికి అతిథులు వచ్చేలా పిలిస్తే మొదటి గంట ఆలివ్‌లు, వేయించిన బాదం, ఫీనోతో గడిచిపోతుంది. వైన్ తాగనివారికి, కారు నడిపి ఇంటికి వెళ్లవలసినవారికి గస్పాచో గ్లాసుల్లో ఇవ్వండి. దోసకాయ, క్యాప్సికమ్, టమాటా రుబ్బి నీళ్లతో పలచన చేసిన ఈ చల్లని చారును అండలూసియాలో తాగుతారు కూడా. వైన్‌నే కాస్త తేలికగా తాగాలనుకునేవారికి ఫీనోలో నిమ్మ సోడా, పుదీనా వేసిన రెబుహీతో సరిపోతుంది. సెవిల్ వసంతోత్సవంలో జనం తాగేది అదే.

ఆఖరి నిమిషంలో చేయవలసినది రొయ్యలు మాత్రమే. ఒలిచిన అర కిలో రొయ్యలను తడి లేకుండా తుడవాలి. వెడల్పాటి మట్టి మూకుడులోనో బాణలిలోనో 150 మిల్లీలీటర్ల ఆలివ్ నూనెను సన్నని మంట మీద కాచి, పలచగా తరిగిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిర్చి వేసి, వెల్లుల్లి లేత బంగారు రంగుకు రాగానే రొయ్యలు వేయాలి. రెండు మూడు నిమిషాల్లో అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. అంతకు మించి ఉంచితే రబ్బరులా సాగుతాయి. నూనె ఇంకా చిటపటలాడుతుండగానే పాత్రతో సహా బల్ల మీదికి తెచ్చి, ఆ నూనెలో అద్దుకోవడానికి పక్కనే రొట్టె పెట్టాలి. వెల్లుల్లికీ వినిగర్‌కూ చాలా వైన్లు తట్టుకోలేవు. ఫీనోలో తీపి అసలు ఉండదు, పులుపు తక్కువ, నాలుకకు కాస్త ఉప్పగా తగులుతుంది కాబట్టి రొయ్యలకూ, సాల్మొరేహోకూ, పాలకూరకూ చక్కగా నప్పుతుంది. వేడి చేసిన కాల్దెరెతా వచ్చేటప్పుడు గ్లాసులు మార్చి ఒలొరోసో పోయండి.

తీపికి ప్రత్యేకంగా శ్రమ పడనక్కర్లేదు. వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద పెద్రో హిమెనెస్ పోసి ఇస్తే చాలు. ఓపిక ఉన్నవారు హెరెస్‌కు చెందిన తోసీనో దె సియేలో ప్రయత్నించవచ్చు. వైన్‌ను తేటపరచడానికి తెల్లసొన వాడగా మిగిలిన పచ్చసొనలను మఠాలకు ఇస్తే, సన్యాసినులు చక్కెర పాకంతో కలిపి ఈ తీపిని కనిపెట్టారని అక్కడ చెప్పుకుంటారు.

మిగిలిన ఫీనో సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు ముగించాలి, లేకపోతే దాని తాజాదనం పోతుంది. ఒలొరోసో, పెద్రో హిమెనెస్ ఇప్పటికే గాలికి అలవాటుపడినవి కాబట్టి రెండు నెలల దాకా నిలుస్తాయి.